అన్నయ్యకు స్కిజోఫ్రేనియా ఉంటే నేనూ బ్రెయిన్ స్కాన్, జీన్ టెస్ట్ చేయించుకోవాలా?

మీ అన్నయ్యకు స్కిజోఫ్రేనియా (లేని గొంతులు వినపడటం లాంటి లక్షణాలుండే తీవ్రమైన మానసిక జబ్బు) అని డాక్టర్లు చెప్పారు, ఎమ్మారైలో మాత్రం నార్మల్ అని వచ్చింది. జన్యువుల వల్ల వచ్చే జబ్బయితే మెదడులో ఏదో ఒకటి కనపడాలి కదా, మీకు 29 ఏళ్లు, సంబంధాలు చూస్తున్నారు కాబట్టి మీరూ టెస్టులు చేయించుకోవాలా అని అడిగారు. నేను డాక్టర్ని కాదు. మా అక్కకు ఈ జబ్బు వచ్చి చాలా ఏళ్లయింది. ఆవిడ సైకియాట్రిస్ట్‌ని అడిగీ, పరిశోధనలు చదివీ తెలుసుకున్నది రాస్తున్నాను.

ముందు జవాబు చెప్పేస్తాను. స్కాన్ నార్మల్ అని వచ్చినా మీ అన్నయ్య జబ్బు నిజమైనదే. మీకు ఏ లక్షణాలూ లేకపోతే ఆ రెండు టెస్టులూ అక్కర్లేదు.

ఈ జబ్బులో ఎమ్మారై తీయించేది గడ్డో, ఇన్ఫెక్షనో, ఇంకేదైనా కారణమో లేదని చూసుకోవడానికి. స్కిజోఫ్రేనియాను స్కాన్ చూసి నిర్ధారించరు. మా ఇంట్లో అక్క రిపోర్టు నార్మల్ అని రాగానే మా పెదనాన్న "ఏమీ లేదని వాళ్లే రాశారుగా, ఇంకా ఆ మందులెందుకు" అని మాన్పించేశారు. కొన్ని నెలలకే అక్కకు మళ్లీ గొంతులు వినపడటం మొదలైంది, ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. మీ ఇంట్లో ఎవరైనా ఆ మాట అంటే దయచేసి ఒప్పుకోకండి.

అలాగని మెదడులో తేడాలే ఉండవని కాదు. 1976లో లండన్‌లోని నార్త్‌విక్ పార్క్ ఆసుపత్రిలో ఈవ్ జాన్‌స్టోన్, ఆమె సహచరులు సీటీ స్కాన్లు తీసి, ఏళ్ల తరబడి ఈ జబ్బుతో ఉన్నవాళ్లలో వెంట్రికిల్స్, అంటే మెదడు లోపల ద్రవం ఉండే ఖాళీలు, పెద్దవిగా ఉన్నాయని చూపించారు. అంతకుముందు తల్లి పెంపకాన్ని తప్పుపట్టిన సిద్ధాంతాలు చాలాకాలం నడిచాయి. మా అమ్మను కూడా బంధువులు ఆ మాట అన్నారు. అందుకే నాకు ఆ పరిశోధన అంటే చాలా గౌరవం.

మీ ప్రశ్నకు అన్నిటికన్నా దగ్గరగా వచ్చేది 1990లో అమెరికాలో కవలల మీద జరిగిన అధ్యయనం. 15 జతల ఏకరూప కవలలను తీసుకున్నారు. ప్రతి జతలో ఒకరికి జబ్బుంది, ఇంకొకరికి లేదు. ఎక్కువ జతల్లో జబ్బున్నవారి వెంట్రికిల్స్ పెద్దవిగా, జ్ఞాపకానికి సంబంధించిన హిప్పోకాంపస్ చిన్నదిగా ఉన్నాయి. పక్కన తోడబుట్టినవాళ్ల స్కాన్ పెట్టి చూస్తేనే తెలిసేంత చిన్న తేడాలవి. ఇంకో సంగతి, ఇద్దరివీ ఒకే జన్యువులు. అయినా మెదళ్లలో తేడా వచ్చిందంటే, కారణంలో కొంతభాగమైనా జన్యువులకు బయట ఉన్నట్టే.

జన్యువుల పాత్ర మాత్రం పెద్దదే. జబ్బు లేని అన్నదమ్ముల్లో, తల్లిదండ్రుల్లో కూడా సగటున హిప్పోకాంపస్ కొద్దిగా చిన్నదిగా ఉన్నట్టు తేలింది, కానీ వాళ్లలో చాలామందికి జబ్బు ఎప్పటికీ రాదు. 2016లో ఎనిగ్మా అనే అంతర్జాతీయ బృందం 2,028 మంది రోగుల స్కాన్లను, జబ్బు లేని 2,540 మంది స్కాన్లను పోల్చింది. అన్నిటికన్నా ఎక్కువ తేడా వచ్చిన భాగాల్లో హిప్పోకాంపస్ ఒకటి. అదీ సగటులోనే. రెండు ఊళ్లవాళ్ల సగటు ఎత్తులో అంగుళం తేడా ఉందనుకోండి, ఒక్క మనిషిని చూసి ఏ ఊరివాడో చెప్పగలమా? మీ స్కాన్ విషయంలోనూ అంతే.

జన్యువుల సంఖ్య చూస్తే ఇంకా అర్థమవుతుంది. 2022 నాటికి జీనోమ్‌లో, అంటే మనిషి మొత్తం జన్యు సమాచారంలో, 287 చోట్ల ఈ జబ్బుతో సంబంధం దొరికింది. చాలావాటి ప్రభావం చాలా చిన్నది. బాగా పేరొచ్చిన సీ4 జన్యువు సంగతే తీసుకోండి. రోగనిరోధక వ్యవస్థకు చెందిన ఈ జన్యువు ఎదిగే మెదడులో అక్కర్లేని నరాల కలయికలను తొలగించడానికి సాయపడుతుందని ఎలుకల్లో చూశారు. టీనేజీలో ఆ తొలగింపు మరీ ఎక్కువైతే జబ్బుకు దారితీస్తుందా అన్నది ఇప్పటి ఆలోచన. అంత ముఖ్యమైన జన్యువులో కూడా రిస్క్ పెంచే రకం ఉంటే పెరిగేది సుమారు 1.3 రెట్లే. జబ్బుకు కారణమైన జన్యువులూ, మెదడు లోపలి భాగాల సైజును నిర్ణయించే జన్యువులూ ఒకటేనేమో అని 2016లో వేలమంది సమాచారంతో పోల్చి చూశారు. అవి కలిసినట్టు ఆధారం దొరకలేదు. ఇంత చిక్కుముడిని ఒక ల్యాబ్ టెస్టు మీకు విప్పి చెప్పలేదు.

ఒక్క మినహాయింపు ఉంది. 22వ క్రోమోజోమ్‌లో ఒక చిన్న ముక్క పుట్టుకతోనే లోపించే పరిస్థితి ఒకటుంది. అది ఉన్నవాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరికి ఇలాంటి జబ్బు వస్తుంది. మీ అన్నయ్యకు పుట్టుకతో గుండె లోపం, అంగిలి చీలిక, చిన్నప్పుడు మాటలు, చదువు బాగా ఆలస్యం కావడం లాంటివి ఉంటే డాక్టర్‌కి తప్పక చెప్పండి. అప్పుడు జన్యు పరీక్షకు అర్థముంది, ముందు మీ అన్నయ్యకే చేస్తారు.

మామూలుగా తోడబుట్టినవాళ్లకు రిస్క్ వందలో తొమ్మిది, పది. మగవాళ్లలో ఇది ఎక్కువగా టీనేజీ చివర నుంచి ఇరవైల్లోనే బయటపడుతుంది కాబట్టి మీ విషయంలో ఆ ప్రమాదకాలం చాలావరకు గడిచిపోయింది. గంజాయి జోలికి మాత్రం వెళ్లకండి, దానితో రిస్క్ పెరుగుతుందన్నది బాగా రుజువైన విషయం.

సంబంధాల విషయంలో దాచొద్దనే నా అభిప్రాయం. నా పెళ్లి మాటలప్పుడు మా నాన్న అక్క సంగతి ముందే చెప్పారు. ఒక సంబంధం వాళ్లు వెనక్కి వెళ్లారు, బాధేసింది. తర్వాత వచ్చినవాళ్లు కూర్చుని అడగాల్సినవన్నీ అడిగారు, ఈ రోజుకీ అక్క మా ఇంటికి వచ్చి నెలల తరబడి ఉంటుంది.

వచ్చే అపాయింట్‌మెంట్‌కి అమ్మగారినీ నాన్నగారినీ కూడా తీసుకెళ్లి, స్కాన్ ఎందుకు నార్మల్‌గా వచ్చిందో డాక్టర్ నోటితోనే చెప్పించండి. ఈలోపు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం.