కీబోర్డుకి పీలేరు అవ్వ తెలీదు

పాపా,

నీ సీరియల్ ఐదు భాగాలూ రాత్రి ఫోన్లోనే చదివేశాను. అందులో నాలుగు ఎవరో తలుపు కొట్టడంతోనే ఆగాయి, తీరా తీస్తే ఒకసారి పాలవాడు, ఒకసారి పక్కింటామె! వారపత్రికల సీరియళ్ళూ ఇట్లాగే ఊరించేవిలే, కాకపోతే వాళ్ళకి మధ్యలో వారం టైముండేది, నువ్వు రోజుకొకటి వదులుతున్నావు.

నాకు కోపం తెప్పించింది తలుపు కాదు, వేరుశనగ. పీలేరు పక్క పల్లెలో పుట్టిన అవ్వ "వేరుశనగలు వలుస్తున్నా" అంటుందా? చెనిక్కాయలు కదా! మీ ఇంట్లో ఎవరైనా ఆ మాట అనగా విన్నావా? నువ్వు సగం కొట్టేలోపే కీబోర్డు ఇంకేదో చూపించి ఉంటుంది, నువ్వూ తొందరలో దాన్నే నొక్కేసి ఉంటావు. ఎక్కువమంది వాడే మాటలే దానికి ముందు తడతాయి, పాపం దానికి పీలేరు అవ్వ ఏం తెలుసు. ఎర్రగడ్డ ఉల్లిపాయ అయింది, ఉర్లగడ్డ బంగాళాదుంప అయింది, చివరికి అవ్వ కొంగుముడిలో దుడ్లు కూడా డబ్బులైపోయాయి. మొండిగా నాలుగైదుసార్లు నీ మాటే కొట్టు, ఫోనే దారికొస్తుంది.

ఇంటర్నెట్ అంటే పడని ముసలోణ్ణి అనుకునేవు. 'ఈమాట' అనే ఇంటర్నెట్ పత్రిక 1998లో మొదలైంది, ఆ రోజుల్లో మేం లీలామహల్ దగ్గర బ్రౌజింగ్ సెంటర్లో కూర్చుని ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టేవాళ్ళం. పెద్ద ఎల్ అయితే ళ, చిన్నదైతే ల. ఒకసారి షిఫ్ట్ నొక్కడం మరిచిపోయి "ఆమె కల్లు చూసి మైమరిచాడు" అని ఉన్న కథని పదిమందికీ పంపేశాను! అందరూ నవ్వారు. ఒకాయన మాత్రం నవ్వి ఊరుకోకుండా, కథలో ఎక్కడ తేలిపోయిందో పేరా పేరాకీ విప్పి రాశాడు. ఆయనెవరో ఇప్పటికీ తెలీదు.

అట్లాంటివాళ్ళు నీ గ్రూపులోనూ ఒకరున్నారు. "సూపర్ అక్కా, నెక్స్ట్ పార్ట్ ఎప్పుడు" అన్నవాళ్ళందరికీ దండాలు పెట్టావు, "కొడుకు మీద అవ్వ కోపం అంత సులభంగా ఎట్లా పోయింది" అని అడిగిన మనిషికి మాత్రం జవాబే లేదు. ఆ ప్రశ్న నాకూ ఉంది.

ఆరో భాగం ఇంకా వెయ్యలేదుగా, ఆపు. ముందు మీ అవ్వకి చదివి వినిపించు. "మేం అట్లా అనంలే" అని ఆమె అన్నచోటల్లా కొట్టేసి, మళ్ళీ రాసి నాకు పంపు. అక్షరాలు కొంచెం పెద్దవి పెట్టు.

తిరుపతి నుంచి,
మీ పెదనాన్న