సంతకం పెట్టాలా, ఆగాలా? స్పౌజ్ వీసా సందేహాలు

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. మా అమ్మాయి పన్నెండేళ్లుగా టెక్సాస్‌లో ఉంటోంది, అమెరికా పౌరసత్వం కూడా వచ్చింది. ఏడాదిన్నర కిందట విజయవాడ పటమట అబ్బాయితో పెళ్లి చేశాం. మూడు వారాలు కలిసి ఉన్నారు, ఆ తర్వాత అమ్మాయి ఉద్యోగానికి వెళ్లిపోయింది. భర్తను తీసుకెళ్లడానికి అమ్మాయి వేసిన తొలి దరఖాస్తు, ఐ-130 పిటిషన్, ఆమోదమై కేసు ఎన్వీసీకి (నేషనల్ వీసా సెంటర్‌కి) చేరింది. అల్లుడు ఫోన్ చేస్తే మొదటి మాట 'కేసు ఎంతవరకొచ్చింది' అనే. వియ్యపురాలు వారానికోసారి నాకు ఫోన్ చేసి సంతకం ఎప్పుడంటున్నారు. అతనికి చదువు వీసా రెండుసార్లు తిరస్కరించారని మొన్న ఓ బంధువు చెబితే తెలిసింది. సంబంధం కుదిరేటప్పుడు ఆ ఊసే ఎత్తలేదు. ఇప్పుడు అమ్మాయి అతని పోషణకు పూచీ ఇచ్చే ఫారం, ఐ-864 మీద సంతకం పెట్టాలి. పెట్టమనాలా, ఆగమనాలా? అక్కడికి వెళ్లాక అతను మా అమ్మాయిని వదిలేస్తే గ్రీన్ కార్డు తీసేస్తారా?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: కేసు గురించి పదే పదే అడుగుతున్నాడన్న ఒక్క కారణంతో అల్లుణ్ని అనుమానించకండి. ఇమిగ్రెంట్ వీసా (శాశ్వతంగా ఉండటానికిచ్చే వీసా) కోసం ఎదురుచూసే మనిషి ఉద్యోగం మారలేడు, ఇంటి లోను తీసుకోలేడు, ఐటీ కంపెనీలో ఉంటే తొంభై రోజుల నోటీసు ఎప్పుడివ్వాలో తేల్చుకోలేడు. ఆ ఇంటికి వచ్చిపోయేవాళ్లంతా 'మీవాడు ఇంకా వెళ్లలేదా' అంటుంటే తల్లి మీకు ఫోన్ చేయడమూ సహజమే. తిరస్కరణలు దాచిన సంగతి మాత్రం వేరు. మీ ఉత్తరంలో బరువున్న మాట అదే.

చదువు వీసా రాకపోవడం తప్పేమీ కాదు. సాధారణంగా దాన్ని 214(బి) సెక్షన్ కింద తిరస్కరిస్తారు. చదువయ్యాక తిరిగి వెళ్తాడన్న నమ్మకం ఆఫీసరుకు కలగలేదని దానర్థం. భార్య పిటిషన్ మీద వచ్చే వీసాకు తిరిగి వెళ్లాలన్న షరతు లేదు కాబట్టి ఆ కారణం ఇప్పుడు అడ్డురాదు. అతను దాచింది మీ దగ్గర మాత్రమేనా, ఫారంలో కూడానా అన్నదే ఇప్పుడు తేలాలి. అల్లుడి ఇమిగ్రెంట్ వీసా దరఖాస్తు ఫారం డీఎస్-260లో 'ఇంతకుముందు అమెరికా వీసా తిరస్కరించారా' అన్న ప్రశ్న సూటిగా ఉంటుంది. పాత దరఖాస్తులు, వేలిముద్రలు కాన్సులేట్ రికార్డుల్లో ఉంటాయి. అక్కడ 'లేదు' అని రాసి ఉంటే, చిన్న విషయం కాస్తా వాస్తవాన్ని దాచిన నేరంగా మారి శాశ్వత అనర్హత దాకా పోవచ్చు. అప్పుడు ఐ-601 అనే మినహాయింపు దరఖాస్తు పెట్టి, అమ్మాయికి కలిగే కష్టాన్ని కాగితాలతో రుజువు చేసుకోవాల్సి వస్తుంది.

కాబట్టి అమ్మాయి ముందుగా ఆ డీఎస్-260 ప్రతి చూడాలి. కేసు నంబరు, ఇన్‌వాయిస్ నంబరు పిటిషనర్‌కూ వస్తాయి. వాటితో లాగిన్ అయ్యి తనే తెరవచ్చు. ముంబయికి వెళ్లే కేసుల నంబర్లు బీఎంబీ అన్న అక్షరాలతో మొదలవుతాయి. మనవాళ్ల ఇమిగ్రెంట్ వీసా ఇంటర్వ్యూ జరిగేది ముంబయి కాన్సులేట్‌లోనే, హైదరాబాద్‌లో కాదు. ఫారంలో 'అవును' అని రాసి తేదీలు ఇచ్చి ఉంటే, అతను అమెరికా ప్రభుత్వం దగ్గర నిజాయితీగానే ఉన్నాడు, సంబంధం చెడిపోతుందన్న భయంతో మీ దగ్గర నోరు విప్పలేదు. అది భార్యాభర్తలు కూర్చుని తేల్చుకోవాల్సిన బాధ. 'లేదు' అని రాసి ఉంటే వెంటనే సరిచేయమనండి. సబ్మిట్ చేసిన ఫారాన్ని సొంతంగా మార్చలేం. ఎన్వీసీకి రాసి మళ్లీ తెరిపించాలి, లేదా ఇంటర్వ్యూలో ఆఫీసరు అడగకముందే చెప్పి దిద్దించుకోవాలి. సరిచేయమన్నప్పుడు అతను ఏమంటాడో జాగ్రత్తగా గమనించండి. 'ఎవరికి తెలుస్తుందిలే' అంటే మాత్రం మీ అనుమానానికి ఆధారం దొరికినట్టే.

ఇక ఐ-864. పెళ్లి విషయంలో ఏ నిర్ణయానికీ రాకుండా ఆగగలిగిన చోటు ఇదే. ఇది ఉత్త పూచీ ఉత్తరం కాదు, అమెరికా ప్రభుత్వంతో చేసుకునే ఒప్పందం. ఇద్దరున్న కుటుంబానికి స్పాన్సర్, అంటే అమ్మాయి ఆదాయం అమెరికా పేదరిక రేఖకు 125 శాతం ఉండాలి. 2025 లెక్కలో అది ఏడాదికి 26,437 డాలర్లుగా ఉండేది. అల్లుడు ఇమిగ్రెంట్ వీసాతో అమెరికాలో అడుగుపెట్టిన రోజు నుంచి బాధ్యత మొదలవుతుంది. అతను పౌరుడైతేనో, 40 క్వార్టర్ల పని, అంటే సుమారు పదేళ్ల ఉద్యోగం, అతని ఖాతాలో పడితేనో, గ్రీన్ కార్డు వదులుకుని దేశం విడిచిపోతేనో, ఇద్దరిలో ఎవరైనా చనిపోతేనో తప్ప అది తీరదు. విడాకులతో తీరదు. పేదరిక రేఖకు 125 శాతం దాకా ఆదాయం తనకు లేకపోతే, విడిపోయిన భర్త కూడా ఆమె మీద కోర్టుకు వెళ్లి తక్కువైన సొమ్ము అడగొచ్చు. ఈ సంగతి తెలియకుండా 'మామూలు ఫారమే కదా' అని సంతకాలు పెట్టేవాళ్లు చాలామంది ఉంటారు. పెట్టినా, వీసా జారీ అయ్యేలోపు రాతపూర్వకంగా వెనక్కి తీసుకోవచ్చు. జారీ అయ్యాక ఆ దారి మూసుకుపోతుంది.

ఐ-864 అందనంతవరకు ఎన్వీసీ ఇంటర్వ్యూ తేదీ ఇవ్వదు. కట్టిన 325, 120 డాలర్ల ఫీజులు ఎక్కడికీ పోవు. ఒక్క జాగ్రత్త: ఏడాదిపాటు ఏ కదలికా లేకపోతే 203(జి) సెక్షన్ కింద కేసు రద్దయ్యే ప్రమాదం ఉంది. మధ్యలో ఒకసారి లాగిన్ అయ్యో, ప్రశ్న రాసో కేసు బతికి ఉండేలా చూసుకోవాలి. ఆపుతున్నట్టు అల్లుడికి చెప్పే ఆపాలి. 'నాకింకా కొన్ని విషయాలు తేలాలి, మూడు నెలలు ఆగుతాను' అని అమ్మాయే తన నోటితో చెప్పాలి. పేస్లిప్పు రాలేదు, ట్యాక్స్ ట్రాన్‌స్క్రిప్టు రాలేదు అని సాకులు చెబితే రేపు అతను అదే మాట మీకు తిప్పికొడతాడు.

ఆ మూడు నెలల్లో కుదిరితే అమ్మాయి వచ్చి మూడు నాలుగు వారాలు అతనితో ఉండాలి. మీ ఇంట్లోనూ కాదు, అత్తవారింట్లోనూ కాదు. విజయవాడలో చిన్న సర్వీస్ అపార్ట్‌మెంటయినా ఫర్వాలేదు. పండగలు, విందులు, చుట్టరికాలు పక్కనపెట్టి, ఇద్దరూ కూరగాయలు తెచ్చుకుని వండుకునే రోజులు కొన్ని ఉండాలి. ఆ రోజుల్లో డబ్బు ప్రస్తావన తేవాలి. అప్పులున్నాయా? అతను తన సిబిల్ రిపోర్టు, అమ్మాయి తన అమెరికా క్రెడిట్ రిపోర్టు తీసి ఒకరికొకరు చూపించుకోవాలి, సిబిల్ ఏడాదికొకటి ఉచితంగానే వస్తుంది. అతని తల్లిదండ్రులకు నెలనెలా ఎంత పంపాలి? అమెరికాలో మొదటి ఆరు నెలలు ఉద్యోగం దొరక్కపోతే ఏం చేస్తాడు? పాత పెళ్లి, పాత కేసు ఏదైనా ఉందేమోనన్న దిగులుంటే ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో పేరుతో కృష్ణా, గుంటూరు జిల్లాల్లో వెతకొచ్చు. ఒకే పేరున్నవాళ్లు ఎందరో ఉంటారు కాబట్టి తండ్రి పేరు, ఊరు కలిసేదాకా దేన్నీ నమ్మకండి. వీసా తర్వాతి బతుకు గురించి ఇష్టంగా, వివరంగా మాట్లాడే మనిషిని, వీసా దగ్గరే మాట ఆపేసే మనిషిని వేరుచేసి చూడటానికి మూడు వారాలు చాలు.

వదిలేస్తే కార్డు తీసేస్తారా అన్నారు. స్పాన్సర్ కోరితే గ్రీన్ కార్డు రద్దు కాదు. అమెరికాలో అడుగుపెట్టే రోజుకు పెళ్లయి రెండేళ్లు నిండకపోతే రెండేళ్ల షరతుల కార్డు ఇస్తారు. దాని గడువు తీరే ముందు 90 రోజుల్లో ఇద్దరూ కలిసి ఆ షరతులు తీసేయమనే ఐ-751 దరఖాస్తు వేయాలి. అమ్మాయి సంతకం పెట్టకపోయినా, విడాకులయ్యాక, పెళ్లి నిజాయితీగానే చేసుకున్నానని రుజువు చేసి అతనొక్కడే వేసుకోవచ్చు. మీవాళ్ల పెళ్లయి ఇప్పటికే ఏడాదిన్నర. ఇంకో ఆరు నెలలు దాటాక అడుగుపెడితే షరతుల్లేని పదేళ్ల కార్డే వస్తుంది. 'రెండేళ్లు చూద్దాంలే' అనుకునే వీలు మీకు లేదన్నమాట. తేల్చుకోవాల్సింది సంతకానికి ముందే.

చివరికి వద్దనుకుంటే, అమ్మాయి ఒక్క పేజీ ఉత్తరం రాసి సంతకం చేసి పంపితే చాలు: తన పేరు, పుట్టిన తేదీ, అతని పేరు, కేసు నంబరు, పిటిషన్ ఉపసంహరించుకుంటున్నానన్న ఒక్క వాక్యం. కేసు ఎన్వీసీలో ఉంటే అక్కడికి, ముంబయి చేరితే కాన్సులేట్‌కి పంపాలి. కారణం రాయాల్సిన పనిలేదు. కోపంలో మాత్రం 'ఇది మోసపు పెళ్లి' అని రాయొద్దు. పెళ్లి మోసమని తేలితే 204(సి) కింద అతనికి ఇంకెప్పుడూ ఏ ఇమిగ్రెంట్ పిటిషనూ ఆమోదం పొందదు. ఆధారాలుంటే రాయాల్సిందే, కానీ అలకలో, అనుమానంలో రాసే మాట కాదది. ఉపసంహరణ కూడా మళ్లీ తిరగతోడలేనిది. మనసు మారితే కొత్త ఐ-130 వేసి, 2024 ఏప్రిల్ 1 నుంచి ఉన్న రేటు ప్రకారం ఆన్‌లైన్లో 625, కాగితం మీదైతే 675 డాలర్లు కట్టి వరుసలో మొదటికి రావాలి.

ప్రశ్న: నేను విజయవాడలో ఉద్యోగం చేస్తున్నాను. నా భార్య అమెరికా పౌరురాలు. ఏ చిన్న గొడవైనా 'నీకు నేను కావాలా, గ్రీన్ కార్డు కావాలా, పిటిషన్ వెనక్కి తీసుకుంటాను' అంటోంది. నా నిజాయితీ ఎలా నిరూపించుకోవాలి? ఐ-130 ఆమోదమైంది, ఉద్యోగానికి రాజీనామా ఇద్దామనుకుంటున్నాను.
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: రాజీనామా ఇవ్వకండి. పాస్‌పోర్టు మీద వీసా ముద్ర పడి చేతికొచ్చేదాకా ఇవ్వొద్దు. ఇమిగ్రెంట్ వీసాకు సాధారణంగా ఆరు నెలల దాకా గడువుంటుంది, మెడికల్ పరీక్ష గడువు ముందే తీరేట్టుంటే అంతకంటే తగ్గుతుంది. తొంభై రోజుల నోటీసు పూర్తిచేసి, రిలీవింగ్ లెటర్ తీసుకుని వెళ్లేంత వ్యవధి చాలావరకు ఉంటుంది. ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుని ఎదురుచూసే భర్త ప్రతి మాటా వీసా గురించే అవుతుంది. ఆమె అనుమానం ఇంకా పెరుగుతుంది.

పిటిషన్ ఆమెది. ఆమె వద్దంటే మీరు ఇక్కడినుంచి నడపలేరు. మధ్యలో టూరిస్టు వీసాకు ప్రయత్నించడం వృథా, ఇమిగ్రెంట్ పిటిషన్ ఉన్నవాళ్లకు అది తరచూ తిరస్కరణతోనే ముగుస్తుంది. పైగా ఆమెకు చెప్పకుండా వెళ్తే మీరే ఒక ఆధారం ఇచ్చినవారవుతారు. పాత వీసా తిరస్కరణలు, అప్పులు, పాత నిశ్చితార్థం ఏదున్నా ఈ వారమే చెప్పేయండి. కేసు సంగతులకు వారంలో ఒక రోజు పెట్టుకుని, మిగతా రోజులు ఆ ఊసెత్తకండి. 'వీసా రాకపోతే మనం ఎక్కడ ఉందాం' అన్న ప్రశ్న మీరే వేయండి. ఆమె ఇండియా రావడమో, ఇంకో దేశమో, ఏదైనా సరే, మీ దగ్గర నిజంగా ఒక జవాబుండాలి.

అయినా ప్రతి గొడవలోనూ ఆమె పిటిషన్‌నే కర్రలా చూపిస్తుంటే, అది అనుమానం కాదు, పెత్తనం. ఇద్దరి పెద్దల్లో ఒక్కొక్కరిని కూర్చోబెట్టి, ఆగడమో సాగడమో తేలాకే ఇంటర్వ్యూకి వెళ్లండి. ఇంకో సంగతి, ఆమెను ట్యాక్స్ రిటర్ను అడిగి చూడండి. పెళ్లయిన ఏడాదికి 'సింగిల్' అని దాఖలు చేసి ఉంటే దిద్దించుకోవాలి. భర్త ఇండియాలో ఉన్నా అది తప్పే. ఆ కాగితం చూస్తే ఆఫీసరుకు మీ పెళ్లి మీదే అనుమానం వస్తుంది.

ప్రశ్న: అమెరికాలో ఉన్న నా భర్త అక్కడి కోర్టులో విడాకుల కేసు వేశాడు. ఆ తీర్పు ఇక్కడ చెల్లుతుందా?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: మీరు ఒప్పుకోకుండా వచ్చే ఏకపక్ష తీర్పు సాధారణంగా చెల్లదు. తిరుపతిలో పెళ్లయిన ఒక తెలుగు జంట కేసులో, మిస్సోరి కోర్టు ఇచ్చిన విడాకులను సుప్రీంకోర్టు 1991లో గుర్తించలేదు. వివాహం కోలుకోలేనంతగా దెబ్బతిందన్న కారణం హిందూ వివాహ చట్టంలో లేదని చెప్పింది. కానీ మీరు ఆ కోర్టు అధికారానికి ఒప్పుకుని వాదించినా, విడాకులకు సమ్మతి తెలిపినా లెక్క మారుతుంది. అందుకే అక్కడినుంచి వచ్చే ఏ కాగితం మీదా లాయరుకు చూపించకుండా సంతకం పెట్టకండి. సమన్లు వచ్చిన కవరు, దానిమీది తేదీ ముద్రతో సహా భద్రపరచండి. ఇద్దరికీ విడిపోవాలనే ఉంటే, ఏడాది విడిగా ఉన్నాక హిందూ వివాహ చట్టం 13-బి సెక్షన్ కింద ఇక్కడి ఫ్యామిలీ కోర్టులో పరస్పర సమ్మతితో వేసుకోవడం మేలు.