కమాను నోట్లో కట్టెల స్టవ్ పెట్టేముందు

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. ఇంగ్లండ్‌లో మీ పాత ఇంటి నిప్పుగూటి కమాను నోట్లో కట్టెల స్టవ్ పెట్టాలని నువ్వు పంపిన ఫొటోలు, కొలతలు అందాయి. ఫ్రేము నల్లగా ఉంటే బాగుంటుందా, ఇత్తడి అంచు ఉంటే బాగుంటుందా అని రెండుసార్లు అడిగావు. పొగ ఎటు పోతుందో ఒక్క మాట అడగలేదు. సరే, వరసగా వద్దాం.

ముందు ఆ కమాను ఏ రకమో తేల్చుకో. ఇంగ్లండ్‌లో విక్టోరియా కాలపు ఇళ్లలో అది రెండు రకాలు. ఒకటి పోత ఇనుప పలక, నోరు కమాను ఆకారంలో పోసి గోడకు బిగించినది. రెండోది అసలు సిసలు ఇటుక కమాను, పైగోడ బరువు మోసేది. మసి పట్టి, పైన పెయింటు కూడా పడితే ఫొటోలో రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. అయస్కాంతం పెట్టి చూడు. అతుక్కుంటే పలక.

పలక అయితే పని సగం తేలిక. దాని వెనక సాధారణంగా నలుచదరపు నోరు, దానిపైన లింటెల్ గానీ ఇనుప పట్టీ మీద కూర్చున్న ఇటుకలు గానీ ఉంటాయి. పలకకు రెండు పక్కలా చెవులు, వాటిలో మరలు ఉంటాయి. అంచు వెంట ప్లాస్టర్ గీకితే అవి బయటపడతాయి. ఆఖరి మర విప్పేటప్పుడు పక్కన ఇంకొకరు ఉండాలి. అంత బరువు ముందుకు ఒరిగితే ఒక్కడివి ఆపలేవు, పోత ఇనుము నేల మీద పడితే వంగదు, పగులుతుంది. పలక వెనక రాళ్లూ మసీ కూరి ఉంటాయి, తియ్యగానే గదిలోకి జారతాయి, గుడ్డలు పరుచుకో. పాత తాడు సీలు గానీ, తెల్లటి బోర్డు ముక్కలు గానీ కనిపిస్తే గీకొద్దు, ఊడ్చొద్దు. ఆస్బెస్టాస్ కావచ్చు, పరీక్ష చేయించాకే ముట్టుకో. ఇల్లు వారసత్వ కట్టడాల జాబితాలో ఉంటే పలక కదిలించడానికే అనుమతి కావాలి.

ఇటుక కమాను అయితే ఒక్క ఇటుక కూడా కొయ్యకు. మూలలు తగులుతున్నాయి, అటొకటి ఇటొకటి చెక్కేస్తే సరిపోతుందనిపిస్తుంది. కమాను నిలబడేది ఇటుకలు ఒకదాన్నొకటి తోసుకోవడం వల్ల. ఆ తోపు వంపు గుండా దిగి రెండు పక్కల గోడల్లోకి పోతుంది. స్టవ్ పైమూలలు తగిలేది సరిగ్గా ఆ దారిలోనే. అక్కడ పలచన చేస్తే ఆ రోజు ఏమీ కాదు, చలికాలంలో వేడికి వ్యాకోచించినప్పుడు నడినెత్తిన చీలిక తేలుతుంది.

ఇప్పుడు నీ కొలతలు. నోటి వెడల్పు 450 మిల్లీమీటర్లు, నడిమధ్యన ఎత్తు 600. నువ్వు ఎంచుకున్న స్టవ్ పెట్టె 400 వెడల్పు, 500 ఎత్తు. వంద మిల్లీమీటర్లు మిగులుతుందని రాశావు. మిగలదు. నీది అర్ధవృత్తపు కమాను, వ్యాసార్థం 225, అంటే నేల నుంచి 375 దగ్గరే వంపు మొదలవుతుంది. స్టవ్ మూల మధ్య నుంచి 200 దూరంలో ఉంటుంది. 225 వర్గం లోంచి 200 వర్గం తీసేసి వర్గమూలం కడితే 103. 375కి అది కలిపితే 478. అంటే మూల దగ్గర ఉన్న ఎత్తు 478 మాత్రమే, 500 స్టవ్ దూరదు. అదే 360 వెడల్పు స్టవ్ అయితే మధ్య నుంచి 180, వర్గమూలం 135, మొత్తం 510. దూరుతుంది, పైన పది మిల్లీమీటర్ల సందుతో. లెక్క మీద నమ్మకం లేకపోతే అట్టపెట్టె కోసి స్టవ్ ముందు భాగమంత నమూనా చేసి నోట్లోకి దూర్చి చూడు. లోపలి గూడు వెనక్కి పోయేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి వెడల్పు ముందు, మధ్య, చివర మూడుచోట్లా కొలువు. స్టవ్ చుట్టూ గాలి ఆడడానికి ఎంత ఖాళీ కావాలో తయారీదారు పుస్తకంలో ఉంటుంది, ఆ ఖాళీ కూడా కలుపుకుని లెక్క వెయ్యి.

ఇక దారులు. పలక తీసేసి వెనకున్న నలుచదరపు నోట్లో మామూలు స్టవ్ కూర్చోబెట్టడం ఒకటి. అక్కడి మామూలు కొలత 16 అంగుళాల వెడల్పు, 22 అంగుళాల ఎత్తు, గూట్లోకి దూర్చి అమర్చే ఇన్‌సెట్ స్టవ్‌లు చాలావరకు దానికే తయారవుతాయి. పలక తీశాక నోరు అంతకన్నా పెద్దదిగా తేలితే పక్కలు ఇటుకతో కట్టుకోవచ్చు. కమాను ముఖమున్న స్టవ్ దొరికితే అది రెండో దారి, కానీ దాని వంపు, నీ వంపు ఒకటవ్వడం అరుదు. మూడోది, కమానుకు లోపలగా చిన్న స్టవ్ పెట్టి మిగిలిన ఖాళీని వంపుకు సరిపోయేలా కోసిన ఉక్కు రేకుతో మూయడం. ఇటుక కమాను తేలితే నీకు నేను చెప్పేది ఈ మూడోదే. రేకు 3 మిల్లీమీటర్ల కన్నా పలచన వద్దు, వేడికి మెలితిరుగుతుంది. రేకు అంచుకూ ఇటుకకూ మధ్య 3 మిల్లీమీటర్ల సందు వదిలి అందులో సిరామిక్ తాడు కూరు. మరలు దిగే రంధ్రాలు గుండ్రంగా కాకుండా కోలగా ఉంటే ఇనుము సాగినప్పుడు జరగడానికి చోటుంటుంది. ఫ్రేము పైన వేడిగాలి వచ్చే చిల్లులుంటే వాటిని రేకు కప్పకూడదు.

కళ్లకు కనిపించే పని అంతటితో అయిపోయింది. అసలు పని పైన ఉంది.

చిమ్నీ శుభ్రం చేయించకుండా ఏదీ మొదలుపెట్టకు. తర్వాత లైనర్, అంటే చిమ్నీ లోపల పొడుగునా దింపే లోహపు గొట్టం. పాత చిమ్నీ లోపలి గార రాలిపోయి, పక్క గది చిమ్నీకీ నీ చిమ్నీకీ మధ్యనున్న ఒంటి ఇటుక గోడలో సందులు పడి ఉంటే, కింద మంట వేస్తే పొగ పైన పడకగదిలో తేలుతుంది. అందుకే స్టెయిన్‌లెస్ స్టీల్ లైనర్ వెయ్యమంటున్నాను. 316, 904 అని రెండు గ్రేడులు ఉంటాయి. పొగరాని బొగ్గు ఎప్పుడైనా కాలుస్తావనుకుంటే 904 తీసుకో, బొగ్గు ఆమ్లం 316ను త్వరగా తింటుంది. పొగ నియంత్రణ ప్రాంతంలో వాడకానికి ఆమోదం పొందిన స్టవ్‌కు 125 మిల్లీమీటర్ల లైనర్ చాలు, లేకపోతే 150. ఏదైనా సరే, స్టవ్‌లోంచి పొగ బయటికి వచ్చే నోటికన్నా సన్నం కాకూడదు. లైనర్ మీద బాణం గుర్తుంటుంది, అది పైకి చూడాలి. తలకిందులైతే లోపలి మడతలు ఎదురు తిరిగి తారు కీళ్లలోంచి బయటికి కారుతుంది. పొగగొట్టం ఎత్తు మొత్తం 4.5 మీటర్లకు తగ్గకూడదు.

ఇన్‌సెట్ స్టవ్‌లో అందరూ విసిగేది లైనర్ కలిపే చోటే. స్టవ్ గూట్లోకి నెట్టాక దాని నెత్తి మీదికి చెయ్యి పోదు. అందుకని లోపలి అడ్డుపలక, ఇటుకలు ముందే తీసేసి, పొయ్యి లోపలి నుంచే చెయ్యి పైకి పెట్టి, లైనర్ అడాప్టర్‌ను కిందికి లాగి పొగ నోట్లో కూర్చోబెట్టాలి. దానికి ముందు గూటి వెలుపలే ఒకసారి పొడిగా జతచేసి చూడు, మరలు దిగే రంధ్రాలు అప్పుడే వేసుకో. కీలుకు ఫైర్ సిమెంటు పూసి, చుట్టూ మూడు స్టెయిన్‌లెస్ మరలు బిగించు. ఉత్త సిమెంటుతో వదిలేస్తే రెండు చలికాలాలకు రాలిపోతుంది, పొగ నిశ్శబ్దంగా గూట్లోకి జారుతుంది. లైనర్ చుట్టూ గూటి పైభాగాన్ని రేకుతో మూసెయ్యి, లేకపోతే గది వేడి చిమ్నీలోకి పోతుంది.

కింద రాతి అరుగు సంగతి. గూడు ముందు కట్టుబడి అరుగు 500 మిల్లీమీటర్లు ముందుకు, పక్కలకు 150 చొప్పున రావాలి, మందం 125. దానిమీద పలకలు పరిస్తే స్టవ్ ముఖం నుంచి కనీసం 225, తలుపు తెరిచి కూడా కాల్చే స్టవ్ అయితే 300. స్టవ్‌ను కమానుకు లోపలగా జరిపితే ఈ కొలత మళ్లీ చూసుకో. స్టవ్‌ను మట్టం చూసి, కాళ్లు గానీ అడుగు గానీ ఊగకుండా నేలకు బిగించు. ఫ్రేముకూ గోడకూ మధ్య తాడు సీలు పెట్టు, సిమెంటు పెట్టకు. ఇనుము సాగుతుంది, గోడ సాగదు, మధ్యలో గట్టి మాలు ఉంటే అదే పగులుతుంది. మామూలు జిప్సం ప్లాస్టర్‌ను ఫ్రేము దాకా తేవద్దు.

5 కిలోవాట్లు దాటిన స్టవ్‌కు గోడలో శాశ్వతంగా తెరిచి ఉండే గాలి రంధ్రం కావాలి. పాత ఇళ్లలో 5 దాటిన ప్రతి కిలోవాట్‌కూ 550 చదరపు మిల్లీమీటర్లు. దుకాణాల్లో 4.9 కిలోవాట్ల స్టవ్‌లు అన్ని ఎందుకున్నాయో ఇప్పుడు అర్థమైందిగా! ఆ గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి. స్టవ్‌కు 1 నుంచి 3 మీటర్ల దూరంలో, పైకప్పు మీద అయితే గోడకు 300 మిల్లీమీటర్లు ఎడంగా బిగించు.

ఈ పని హెటాస్ (స్టవ్‌లు బిగించేవాళ్లను నమోదు చేసే అక్కడి సంస్థ) నమోదున్న వాళ్లచేత చేయిస్తే, పని నిబంధనల ప్రకారం ఉందన్న కాగితం వాళ్లే ఇస్తారు. నువ్వే చేస్తే మొదలుపెట్టకముందే కౌన్సిల్ భవన నియంత్రణ విభాగానికి తెలియజెయ్యాలి. ఆ కాగితం లేకపోతే ఇల్లు అమ్మేటప్పుడూ, బీమా అడిగేటప్పుడూ ఇబ్బంది పడతావు.

పొగ పరీక్ష నువ్వు దగ్గరుండి చూడు. చిమ్నీ కాస్త వేడెక్కాక పొగ బిళ్ల వెలిగించి, తలుపు మూసి, పైన పొగ కనబడగానే చిమ్నీ నోరు మూసి అయిదు నిమిషాలు ఉంచుతారు. ఆ సమయంలో నువ్వు కింద కూర్చోకు, పై గదులూ అటకా తిరిగి చూడు. పక్కింటితో గోడ ఉమ్మడి అయితే వాళ్ల అటకలో కూడా ఒకరు ఉండాలి.

మొదటి మూడు నాలుగు మంటలు చిన్నవే వెయ్యి, సిమెంటు ఆరాలి, పెయింటు కాలి గట్టిపడాలి. వాసన వస్తుంది, కిటికీ తీసిపెట్టు. కట్టెల్లో తేమ 20 శాతానికి మించితే గాజు నల్లబడుతుంది, లైనర్‌లో తారు పడుతుంది. స్టవ్‌ను తిట్టేముందు తేమ మీటరు కట్టె చీల్చిన ముఖానికి గుచ్చి చూడు, పైతోలుకు కాదు.

ఈ ఆదివారం అయస్కాంతం పెట్టి చూడు, అట్ట నమూనా కోసి నోట్లో నిలబెట్టి ఫొటో తీసి పంపు. ఫ్రేము రంగు సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.

మీ మామయ్య