చెర్రీ గిన్నె, డాక్టరు గారి మాట

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవి అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ మెసేజి చదివాను. మీ లాబ్రడార్ కుక్క చెర్రీ 34 కిలోలకు వచ్చిందనీ, పశువుల డాక్టరు గారు పెరుగన్నం మాన్పించి ప్యాకెట్ తిండికి మారమన్నారనీ, ఐదేళ్ళుగా ఇంటి తిండే తింటోంది కదా అని నువ్వంటే ఆయన విసుక్కున్నారనీ రాశావు. డాక్టర్ని మార్చేద్దామా అని అడిగావు. అప్పుడే వద్దమ్మా. ఆయన మనసులో ఉన్నది నెయ్యి కలిపిన అన్నం గుట్ట. నీ మనసులో ఉన్నది నువ్వు శుభ్రంగా వండి పెట్టే ముద్ద. అసలు చెర్రీ పొట్టలోకి రోజుకి ఎంత పోతోందో ఆయనకీ తెలీదు, నీకూ తెలీదు. అది తెలియకుండా ఎవరు గెలిచినా దానికి ఒరిగేదేమీ లేదు.

కాబట్టి ముందు మూడు రోజులు తూచు. వంటింటి డిజిటల్ కాటా ఉంటే చాలు. ఖాళీ గిన్నె పెట్టి, సున్నా నొక్కి, అన్నం వెయ్యి, రాసుకో. మళ్ళీ సున్నా నొక్కి పెరుగు వెయ్యి, రాసుకో. ఫ్రిజ్ తలుపుకి ఒక కాగితం అంటించి, ఇంట్లో ఎవరు ఏం పెట్టినా దాని మీద రాయమను. అత్తయ్యగారు టీ తాగుతూ అందించే బిస్కెట్టు, మీ ఆయన దోసె అంచు, పిల్లాడు కంచంలో వదిలేసిన ముద్ద, అన్నీ రాయాలి. తూచేది వండిన అన్నమా, బియ్యమా అన్నది కూడా రాయి. 100 గ్రాముల బియ్యం ఉడికితే ఇంచుమించు 300 గ్రాముల అన్నం అవుతుంది. లెక్కలన్నీ తప్పేది ఎక్కువగా ఇక్కడే.

నువ్వు రాసినదాన్ని బట్టి నేను లెక్క కట్టాను, చూడు. పొద్దున ఒక గ్లాసు పాలు, 200 మిల్లీలీటర్లు: 120 కేలరీలు. నాలుగు మేరీ బిస్కెట్లు: 100. మధ్యాహ్నం 300 గ్రాముల అన్నం: 390, అందులో 150 గ్రాముల పెరుగు: 90. రాత్రి మళ్ళీ 300 గ్రాముల అన్నం: 390, ఉడికించిన చికెన్ 100 గ్రాములు: 165, పైన చెంచాడు నెయ్యి: 45. మొత్తం 1300. అందులో 780 ఒక్క అన్నానివే.

ఇప్పుడు దానికి కావలసింది ఎంతో చూద్దాం. డాక్టరు గారు 28 కిలోలు ఉండాలన్నారు కదా. ఫోన్లో కాలిక్యులేటర్ తియ్యి. 28ని 28తో, మళ్ళీ 28తో గుణించు: 21952. వర్గమూలం గుర్తు రెండుసార్లు నొక్కు: 12.17 వస్తుంది. దాన్ని 70తో గుణిస్తే 852. అంటే 28 కిలోల కుక్క ఊరికే పడుకుని ఊపిరి తీసుకోవడానికి కావలసిన కేలరీలు రోజుకి సుమారు 850. బరువు తగ్గాల్సిన కుక్కకి పశువైద్యులు మొదలుపెట్టేది ఈ అంకె దగ్గరే. నువ్వు పెడుతున్నది దానికి ఒకటిన్నర రెట్లు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన ఆడ లాబ్రడార్, అందులోనూ అపార్ట్‌మెంట్లో పెరిగేది, ఇంత తింటే లావెక్కకుండా ఎలా ఉంటుంది? బరువు విషయంలో డాక్టరు గారిదే న్యాయం. ఒప్పేసుకో.

కాటా మీద నమ్మకం లేకపోతే చేత్తో చూడు. నీ అరచేతిని చాచి, వేళ్ళ కింద మెత్తటి కండని రెండో చేతి వేళ్ళతో రుద్దు. తర్వాత చెయ్యి తిప్పి వెనకవైపు రుద్దు, ఎముకలు పల్చటి చర్మం కింద తెలుస్తాయి. ఆ తర్వాత పిడికిలి బిగించి కణుపుల మీద రుద్దు. ఇప్పుడు చెర్రీ పక్కటెముకలు తడుము. చేతి వెనకవైపులా తగిలితే సరిగ్గా ఉన్నట్టు. అరచేతిలా మెత్తగా ఉండి ఎముక వెతుక్కోవాల్సి వస్తే లావెక్కినట్టు. కణుపుల్లా గుచ్చుకుంటే చిక్కిపోయినట్టు.

సరే, అయితే అన్నం సగం చేసేస్తే పోతుంది కదా, ప్యాకెట్ ఎందుకు అంటావు. ఆయన నీకు విడమరచి చెప్పని సంగతి ఇక్కడుంది. నువ్వు ఇప్పుడు పెడుతున్న 1300 కేలరీల తిండిలో మాంసకృత్తులు అత్తెసరుగా సరిపోతున్నాయి, అదీ ఆ వంద గ్రాముల చికెన్ పుణ్యాన. కాల్షియం మాత్రం కావలసినదాంట్లో మూడో వంతే ఉంది. ఎదిగిన కుక్కకి ప్రతి 1000 కేలరీల తిండికీ కనీసం 45 గ్రాముల మాంసకృత్తులు, 1.25 గ్రాముల కాల్షియం ఉండాలి. ఆ గిన్నెనే సగం చేస్తే కేలరీలతో పాటు ఇవీ సగమవుతాయి. కుక్క సన్నబడుతుంది, కాకపోతే కొవ్వుతో పాటు కండా కరుగుతుంది. బరువు తగ్గడానికి చేసిన ప్యాకెట్ తిండిలో కేలరీలు తక్కువ, మిగతావి దట్టంగా ఉంటాయి. ఆయన దాన్ని రాయడానికి కారణం అది. ప్యాకెట్లు అమ్ముకోవడానికే అనేశారని నువ్వనుకోవడం నాకు నచ్చలేదు. అనుమానం ఉంటే మర్యాదగా అడుగు: "డాక్టరు గారూ, ఈ కంపెనీదే వాడాలా, ఇలాంటిదే ఇంకోటి బయట కొన్నా ఫర్వాలేదా?" అని. ఆయన చెప్పే జవాబులోనే నీకు తెలిసిపోతుంది.

ఇంటి తిండితో కూడా ఈ పని చెయ్యొచ్చు. అడిగే హక్కు నీకుంది, కానీ ఊరికే "ఇంట్లో వండుతాను" అనకుండా ఇలా రాసి తీసికెళ్ళు. చర్మం, ఎముక తీసేసిన చికెన్ ఉడికించాక 220 గ్రాములు (పచ్చిది ఇంచుమించు 300 గ్రాములు పడుతుంది), అన్నం 250 గ్రాములు, ఉడికించిన గుడ్డు ఒకటి, బీన్స్, సొరకాయ, గుమ్మడి కలిపి 150 గ్రాములు, సన్‌ఫ్లవర్ నూనె ఒక టీ చెంచా. ఇది సుమారు 850 కేలరీలు, రెండు పూటలకి పంచాలి. ఉప్పు, కారం, మసాలా ఏమీ వద్దు. చికెన్ ఉడికిన నీళ్ళు పారబోయకుండా పైన తేలిన కొవ్వు తీసేసి అన్నంలో కలుపు.

దీనికి కాల్షియం కోసం గుడ్డు పెంకుల పొడి. పెంకులు పది నిమిషాలు మరిగించి, ఎండబెట్టి, మిక్సీ చిన్న జార్‌లో మెత్తగా కొట్టి, టీ వడగట్టే జల్లెడలో జల్లించు. రోజుకి 3 గ్రాములు, అంటే అర టీ చెంచా కాస్త నిండుగా. అందులో సుమారు 1.1 గ్రాముల కాల్షియం ఉంటుంది. పొడి గరుకుగా ఉంటే ఒంటికి పట్టదు, అందుకే జల్లించమంటున్నాను.

ఇంతటితో సరిపోయిందనుకోకు. ఈ గిన్నెలో జింకు, రాగి, అయోడిన్, డి విటమిన్, ఇ విటమిన్ ఇంకా తక్కువే. 2013లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ వాళ్ళు కుక్కల కోసం రాసిన 200 ఇంటి వంటకాలు పరీక్షిస్తే 95 శాతం వాటిలో ఏదో ఒక పోషకం తక్కువే వచ్చింది. అందులో పశువైద్యులు రాసినవీ ఉన్నాయి. కాబట్టి ఇంట్లో వండే తిండిలో కలపడానికే చేసిన విటమిన్, మినరల్ పొడి ఒకటి చెప్పమని డాక్టరు గారిని అడుగు. మెడికల్ షాపులో దొరికే మామూలు విటమిన్ సిరప్ దానికి బదులు కాదు. ఆ పొడిలోనే కాల్షియం ఉంటే పెంకుల పొడి మానెయ్యి, రెండూ వెయ్యకూడదు.

మాట్లాడే వేళ కూడా ముఖ్యమే. సాయంత్రం ఏడింటికి క్లినిక్ బయట పది కుక్కలు మొరుగుతుంటే ఎవరికైనా విసుగే. ముందు ఫోన్ చేసి, తిండి గురించే మాట్లాడాలి, పావుగంట ఇస్తారా అని టైము తీసుకో. మూడు రోజుల కాగితం, నీ వంట లెక్క, ప్యాకెట్ వెనక చీటీ ఫొటో తీసికెళ్ళు. "ఇది కేవలం బరువు కోసమేనా, ఇంకేదైనా జబ్బు అనుమానమా? ఏ పరీక్ష చూసి? ఎన్నాళ్ళు? రోజుకి ఎన్ని గ్రాములు? ఎప్పుడు మళ్ళీ చూస్తారు?" ఇవి అడుగు. లాబ్రడార్లలో థైరాయిడ్ తక్కువై కూడా లావెక్కుతాయి, ఆ పరీక్ష అవసరమా అని కూడా అడుగు. కప్పుల్లో చెబితే గ్రాముల్లో రాయమను. ఎండు తిండి సాధారణంగా 100 గ్రాములకి 350 నుంచి 380 కేలరీలు ఉంటుంది, అంటే 850కి 225 నుంచి 240 గ్రాములు.

మీ ఇంటి ఇబ్బంది కూడా దాచకు. కార్తీక మాసంలో మీ ఇంట్లో నీసు వండరు. ఆ నెల రోజులూ చెర్రీ పెరుగన్నంతో గడిపేస్తోందని ఆయనకి తెలిస్తేనే కదా దారి చెబుతారు. ఆ నెలకి ప్యాకెట్ తిండికి మారడమే మేలని నా ఉద్దేశం. వారం ముందే మొదలుపెట్టు: రెండు రోజులు పావు వంతు కొత్తది, రెండు రోజులు సగం, రెండు రోజులు ముప్పావు, ఆ తర్వాత మొత్తం. ఒక్కసారి మారిస్తే విరేచనాలు పట్టుకుంటాయి, అప్పుడు తప్పు ప్యాకెట్ మీద పడుతుంది.

కొన్ని చోట్ల మాత్రం వాదన పెట్టుకోకు. మూత్రంలో రాళ్ళు, కిడ్నీ జబ్బు, పాంక్రియాస్ వాపు, షుగర్, వీటిలో తిండే మందు. చర్మం దురదకి ఎనిమిది వారాలు ఒకే రకం తిండి పెట్టమంటే, మధ్యలో ఒక్క బిస్కెట్టు పెట్టినా పరీక్ష చెడి మళ్ళీ మొదటికొస్తుంది. షుగర్ ఉన్న కుక్క తిండి మానేసిన పూట ఎప్పటిలాగే ఇన్సులిన్ ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది, ముందు ఫోన్ చెయ్యి. పిల్లి ఉన్న మీ స్నేహితురాలికి కూడా చెప్పు: పాలన్నంతో పిల్లి బతకదు. మాంసంలో ఉండే టౌరిన్ అందకపోతే గుండె, కళ్ళు రెండూ దెబ్బతింటాయి.

డాక్టరు చెప్పిన ప్రతిదానికీ తలూపమని కాదు నా మాట. లాబ్రడార్ పిల్లకి మంచి పప్పీ ఫుడ్ పెడుతుంటే దాని మీద కాల్షియం సిరప్ రాస్తే ఎందుకని అడగాలి. చిన్న కుక్కపిల్లల పేగులు ఎక్కువైన కాల్షియాన్ని ఆపలేవు, ఎముకలు వంకర పెరుగుతాయి. ముసలి కుక్క కదా అని, కిడ్నీ పరీక్ష చెయ్యకుండానే మాంసం మానిపిస్తే అప్పుడూ అడగాలి. కండ కరిగేది ఆ వయసులోనే.

ఇక ఇంట్లోవాళ్ళ చెయ్యి. సాంబారు, పప్పు, కూర కలిపిన అన్నం వద్దు. ఉల్లి, వెల్లుల్లి ఉడికినా సరే కుక్క నెత్తుటి కణాలను విరిచేస్తాయి. గోమార్లకి వెల్లుల్లి మంచిదని ఎవరో చెప్పారని పెట్టకు. పరమాన్నం, చక్కెర పొంగలిలో ఎండు ద్రాక్ష ఉంటుంది, కిడ్నీలు పాడైపోయేంత విషం అది. ప్రసాదమైనా చెర్రీకి వద్దని అత్తయ్యగారికి నెమ్మదిగా చెప్పు, ఆవిడ చేతికి దోసకాయ ముక్కలో, క్యారెట్ ముక్కలో ఇవ్వు. ఆవిడకి పెట్టే తృప్తి, దానికి తినే తృప్తి రెండూ ఉంటాయి. చిరుతిళ్ళన్నీ కలిపి రోజుకి 85 కేలరీలు దాటకూడదు, అవి 850లో భాగమే. పటమటలో చికెన్ కొట్టువాళ్ళు ఇచ్చే చర్మం, కాళ్ళు మానెయ్యి. చర్మమంతా కొవ్వు, ఉడికిన ఎముక సూదుల్లా విరుగుతుంది. పచ్చిది అసలే వద్దు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ళ ఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి మర్చిపోకు.

ప్యాకెట్ కొంటే సీలు ఉన్నదే కొను. లూజుగా తూచి అమ్మేదానికి తేదీ ఉండదు, బెజవాడ ఎండకి అందులో నూనె ముక్కిపోతుంది. డబ్బాలో ఒంపకుండా, సంచీ మూతి మడిచి సంచీతో సహా డబ్బాలో పెట్టు, తెరిచాక నెలలో అయిపోయేంత సంచీయే తెచ్చుకో. వండిన తిండి వేసవిలో గంట దాటి గిన్నెలో ఉంచకు.

ఇన్ని చెప్పినా ఆయన కారణం చెప్పకపోతే, అప్పుడు గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసికెళ్ళు. రక్త పరీక్షలు, తూకం చీటీలు, నీ కాగితం అన్నీ పట్టుకెళ్ళు, ఇంకోచోట చూపిస్తున్నానని ఈయనకీ చెప్పు. వైద్యం నడుస్తుంటే మధ్యలో మందులు మాత్రం ఆపకు.

బరువు వారానికి ఒక శాతం తగ్గితే చాలు, రెండు శాతం దాటకూడదు. చెర్రీకి అది 340 నుంచి 680 గ్రాములు. మూడు నాలుగు నెలల పని. రెండు వారాలకోసారి అదే క్లినిక్ కాటా మీద, పొద్దున తిండికి ముందు తూయించు. నెల గడిచినా కదలకపోతే తిండి పదో వంతు తగ్గించాలి, కానీ దానికి ముందు ఆ ఫ్రిజ్ కాగితం మళ్ళీ తియ్యి.

శనివారం తూకం అయ్యాక అంకె, ఆయన చెప్పిన జవాబులు రాసి పంపు. మీ వంట లెక్కలో ఆయన ఏది కొట్టేస్తే అది కూడా ఫొటో తీసి పెట్టు, కూర్చుని చూస్తాను.

మీ పెద్దమ్మ