దేవుడి మీద నమ్మకం పోయాక నేనేమైనా చెడిపోయానా?

మత విశ్వాసం తగ్గుతున్న కొద్దీ సమాజంలో నీతి పెరుగుతుందా, తగ్గుతుందా అని అడిగారు. సమాజం సంగతికి తర్వాత వస్తాను. ముప్పై రెండేళ్లు వచ్చేదాకా గట్టిగా నమ్మి, ఆ తర్వాత నమ్మకం పోయినవాణ్ని కాబట్టి ముందు నా సంగతి చెప్తాను. మాది ఏ మతమో మాత్రం చెప్పను. చెబితే మాటంతా దాని మీదకే మళ్లుతుంది.

నమ్మకం ఒక్కరోజులో పోలేదు. దానికి పెద్ద కథ కూడా ఏమీ లేదు. ప్రార్థనకు కూర్చుంటే అవతల ఎవరూ వినడం లేదనిపించడం మొదలైంది, రెండు మూడేళ్లలో అదే ఖాయమైపోయింది. అప్పుడు నాకు నిజంగానే భయం వేసింది. దైవభయం లేనివాడు దేనికైనా తెగిస్తాడని చిన్నప్పటి నుంచి విన్నాను మరి. ఇప్పుడు నేను దేనికి తెగించబోతున్నానా అని కొన్నాళ్లు నన్ను నేనే కనిపెట్టుకుంటూ తిరిగాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఏమీ జరగలేదు. అంతకుముందు ఎన్ని అబద్ధాలు చెప్పేవాణ్నో అన్నే చెప్పాను. కోపం, బద్ధకం, పిసినారితనం ఎక్కడివక్కడే ఉన్నాయి.

మారింది వేరే ఒకటి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రిపోర్టులో తప్పు అంకె వేశాను. తిట్లు మాత్రం నా కింద పనిచేసే కుర్రాడికి పడ్డాయి, అదీ అందరి ముందు. నేను పక్కనే నిలబడి నోరు విప్పలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. దేవుడి ముందు కూర్చుని ఏడ్చాను, క్షమించమని వేడుకున్నాను. మూడో రోజుకి మనసు తేలికపడింది, క్షమించాడనే అనుకున్నాను. ఆ కుర్రాడికి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. అసలు చెప్పాలన్న ఆలోచనే రాలేదు. లెక్క నాకూ దేవుడికీ మధ్య తేలిపోయింది కదా!

నమ్మకం పోయిన ఏడాదికి అది మళ్లీ గుర్తొచ్చింది. ఈసారి ఆ బరువు దించుకోవడానికి చోటు దొరకలేదు. దెబ్బ తిన్నది ఒకరైతే క్షమాపణ అడిగింది ఇంకొకరిని అని అప్పటికి గాని తట్టలేదు. నంబరు సంపాదించి ఫోన్ చేశాను, పదకొండేళ్ల తర్వాత. అతను అంతా విని, "మీరేనని నాకు అప్పుడే తెలుసు సార్" అన్నాడు. క్షమించాననీ అనలేదు, లేదనీ అనలేదు. తర్వాత పిల్లల చదువుల గురించి మాట్లాడుకుని పెట్టేశాం.

ఇది మతం తప్పు అని నేననను. ఎదుటి మనిషికి అన్యాయం చేస్తే ముందు అతని దగ్గరికే వెళ్లమని చాలా మతాలు చెప్తాయి. మా వాళ్లూ చెప్పేవాళ్లు, నేనూ తలూపుతూ వినేవాణ్ని. అందులో నాకు వీలైన ముక్క మాత్రం తీసుకున్నాను, అంతే.

ఇక్కడిదాకా చదివి, నమ్మకం పోవడమే మంచిదంటున్నాననుకుంటే కాస్త ఆగండి. నాన్నకి పక్షవాతం వచ్చి ఐదు నెలలు మంచాన ఉన్నారు. ఆయన చివరిదాకా నమ్మిన మనిషి. ఆయన ప్రార్థన బృందంవాళ్లు మొదటి రోజే ఒక కాగితం మీద వంతులు రాసేసుకున్నారు. ఏ రాత్రి ఎవరు పడుకోవాలి, మందులు ఎవరు తేవాలి, అమ్మ దగ్గర ఎవరుండాలి, అన్నీ. ఆ ఐదు నెలల్లో మంచం పక్క కుర్చీ ఒక్క రాత్రి కూడా ఖాళీగా లేదు. నాలాగే ఆలోచించే నా స్నేహితులు చెడ్డవాళ్లేం కాదు. "ఏం కావాలన్నా మొహమాటపడకు, చెప్పు" అని మెసేజ్‌లు పెట్టారు. అలా అంటే ఎవరైనా ఏమడుగుతారు? నేనూ ఏమీ అడగలేదు.

ఆ వంతుల్లో అందరికంటే ఎక్కువ రాత్రులు కూర్చున్న పెద్దాయన గురించి చెప్పాలి. నాన్నకి ఒళ్లు తుడిచేవారు, మూత్రం సంచి మార్చేవారు, ఏనాడూ మొహం చిట్లించలేదు. అదే మనిషి, కూతురు వేరే మతం అబ్బాయిని చేసుకుందని ఆరేళ్లుగా ఆమె గడప తొక్కలేదు. ఈయన్ని నీతిమంతుల్లో వేయాలా, కాదా? ఆయన మీద నాకు ఇప్పటికీ గౌరవం ఉంది, కోపమూ ఉంది. ఒకటి రెండోదాన్ని తగ్గించడం లేదు.

అమెరికాలో రాబర్ట్ పుట్నం, డేవిడ్ క్యాంప్‌బెల్ అనే రాజకీయ శాస్త్రవేత్తలు 2010లో ప్రచురించిన పరిశోధన గురించి చదివినప్పుడు నాకు నాన్న పడుకున్న ఆ గదే గుర్తొచ్చింది. క్రమం తప్పకుండా ప్రార్థనలకు వెళ్లేవాళ్లు దానాలూ సేవా ఎక్కువ చేస్తున్నారని వాళ్లు గమనించారు, మతంతో సంబంధం లేని పనుల్లో కూడా. ఎందుకా అని తవ్వితే, నమ్మకం ఎంత గట్టిదన్నదాంతో పెద్ద తేడా లేదు. ప్రార్థనకు వెళ్లే చోట ఎంతమంది దగ్గరి స్నేహితులున్నారన్న దాన్ని బట్టే తేడా కనిపించింది. అంటే ఇంట్లో ఒంటరిగా కూర్చుని నమ్ముకునేవారికీ నాకూ ఈ విషయంలో పెద్ద దూరం లేదన్నమాట.

1973లో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో మతబోధకులు కావడానికి చదువుతున్న 40 మంది మీద ఒక ప్రయోగం చేశారు. ఒక భవనం నుంచి ఇంకో భవనానికి వెళ్లి ప్రసంగం చేయాలి. దారిలో ఒక మనిషి దగ్గుతూ కూలబడి ఉంటాడు. తొందర లేనివాళ్లలో 63 శాతం ఆగి పలకరించారు. ఆలస్యమైందని చెప్పి పరుగెత్తించిన విద్యార్థుల్లో 10 శాతమే ఆగారు. వాళ్లలో కొందరు వెళ్తున్నది దారిలో పడివున్న బాటసారిని ఆదుకున్న మంచి సమరయుడి బైబిల్ కథ మీద ప్రసంగించడానికి! ఏ అంశం మీద మాట్లాడబోతున్నారన్నది చెప్పుకోదగ్గ తేడా తేలేదు. నాకు ఇది చదివి వాళ్ల మీద కోపం రాలేదు, నా ఆఫీసు రోజులు గుర్తొచ్చాయి.

నాలో నిజంగా తగ్గింది ఒకటి ఉంది, అది ఇవ్వడం. ముందు జీతం రాగానే కొంత తీసి పక్కన పెట్టేవాణ్ని. ఎందుకంటే దానికో రోజుండేది, ఒక పెట్టె ఉండేది, గుర్తు చేసేవాళ్లుండేవాళ్లు. మానేశాక, ఇకనుంచి మధ్యలో ఎవరూ లేకుండా అవసరమైనవాళ్లకే నేరుగా ఇస్తానని గొప్పగా అనుకున్నాను. రెండేళ్ల తర్వాత బ్యాంకు స్టేట్‌మెంట్లు తిరగేస్తే ఇచ్చింది సున్నా. ఇవ్వకూడదని కాదు, మర్చిపోయాను. ఇప్పుడు ఆటో డెబిట్ పెట్టుకున్నాను. నా అంతరాత్మ కన్నా అదే నయం, నెలనెలా గుర్తుంచుకుంటుంది.

కాబట్టి నాకు తోచిన జవాబు ఇది. నమ్మకం తగ్గినంత మాత్రాన మనుషులు చెడిపోరు, బాగుపడరు కూడా. కానీ నమ్మకంతో పాటు ఆ వంతుల కాగితం కూడా పోతుంది. అది మళ్లీ ఎవరో ఒకరు కూర్చుని రాయాలి, రాయకపోతే కుర్చీ ఖాళీగా ఉంటుంది.

ఇక సమాజం. నీతిగా ఉండాలంటే దేవుణ్ని నమ్మక తప్పదా అని ప్యూ రిసెర్చ్ సెంటర్ అనే అమెరికా సర్వే సంస్థ 2019లో 34 దేశాల్లో అడిగింది. ఇండోనేషియా, ఫిలిప్పీన్స్‌లలో 96 శాతం అవునన్నారు. స్వీడన్‌లో 9 శాతం. ఆ లెక్కన స్వీడన్‌లో ఒకరినొకరు పీక్కు తింటూ ఉండాలి, కానీ హత్యలు ఏటా లక్ష జనాభాకి ఒకటికి అటూ ఇటూగా ఉంటాయి. యూరప్ పాత రికార్డులతో హత్యల లెక్కలు కట్టిన మాన్యుయెల్ ఐస్నర్ ప్రకారం, మధ్యయుగాల చివర్లో అది 20 నుంచి 40 దాకా ఉండేది. దేవుణ్ని నమ్మనివాడు భూతద్దం పెట్టి వెతికినా దొరకని కాలమది.

అయితే దీన్ని చూపించి చంకలు గుద్దుకునే నాస్తికుల్ని చూసినా నాకు విసుగే. తిండికి, వైద్యానికి, ముసలితనానికి భరోసా దొరికిన చోట మతం దానంతటదే పల్చబడుతుందని పిప్పా నోరిస్, రొనాల్డ్ ఇంగెల్‌హార్ట్ అనే రాజకీయ శాస్త్రవేత్తలు వాదించారు. అలాగైతే బతుకు కుదుటపడటం ముందు, నమ్మకం తగ్గడం తర్వాత. నమ్మకాన్ని లాఠీతో పోగొట్టిన చోటు కూడా ఉంది. కమ్యూనిస్టుల పాలనలో ఉన్న అల్బేనియా 1967లో ప్రార్థనా స్థలాలన్నీ మూసేసి నాస్తిక దేశాన్నని ప్రకటించుకుంది. మతగురువుల్ని జైళ్లలో పెట్టింది, కొందరిని చంపింది. జనం మంచివాళ్లేమీ అయిపోలేదు. ఎవడు పోలీసులకు చెబుతాడోనని పక్కింటివాణ్ని చూసి భయపడటం నేర్చుకున్నారు.

నమ్మకం లేనివాడికి నీతి ఎక్కణ్నుంచి వస్తుందని అడిగేవాళ్లకు నేను గోరా పేరు చెప్తాను. 1940లో నాస్తిక కేంద్రం పెట్టి అంటరానితనం మీద పనిచేసిన మనిషి. తన కూతురికి దళిత యువకుడితో పెళ్లి తలపెడితే, దాన్ని తన ఆశ్రమంలో జరిపించడానికి గాంధీ సంతోషంగా ఒప్పుకున్నారు. ప్రమాణంలో దేవుడి పేరు బదులు సత్యం అనడానికి కూడా సరేనన్నారు. గాంధీ హత్య తర్వాత 1948లో ఆ పెళ్లి సేవాగ్రామ్‌లో జరిగింది. ఒకరు దేవుడే సత్యం అన్నా, ఇంకొకరు దేవుడే లేడన్నా, చేయాల్సిన పని దగ్గర ఇద్దరికీ పేచీ రాలేదు.

మా ఇంట్లోనూ దాదాపు అంతే. మా ఆవిడ ఇప్పటికీ నమ్ముతుంది. ఇద్దరిలో ఎవరు నీతిమంతులని అడిగితే పిల్లలు క్షణం ఆలోచించకుండా ఆవిణ్నే చూపిస్తారు. అది నమ్మకం వల్లేనా అంటే, అదే ఇంట్లో అదే నమ్మకంతో పెరిగిన మా బావమరిది కూడా ఉన్నాడు. అతని సంగతి వద్దులెండి.

నాన్న పోయాక మేం ఐదుగురు స్నేహితులం కలిసి, ఎవరింట్లో జబ్బు చేసినా మనమూ వంతులు వేసుకుందాం అనుకున్నాం. వాట్సాప్ గ్రూపు పెట్టాం, దానికో పేరు పెట్టాం. ఎనిమిది నెలల్లో ఆరిపోయింది. ఈ రాత్రికి ఎవరన్నది తేలేలోపే సిద్ధాంతం మీద వాదన మొదలయ్యేది. పోయినేడు మళ్లీ ప్రయత్నిద్దామనిపించి నాన్న పక్కన కూర్చున్న ఆ పెద్దాయన దగ్గరికి వెళ్లాను, వంతులు మీరు రాసిపెట్టండి, మేం వస్తాం అని అడిగాను.

"నువ్వు ప్రార్థనకి రావు కదా" అన్నారు.

రానన్నాను.

కాసేపు నా మొహంలోకి చూసి, జేబులోంచి కాగితం తీసి, "గురువారాలు నీకు ఖాళీయేనా?" అన్నారు.