కుట్ల నొప్పిని ఓర్చుకోవాలా?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. పొట్ట కోసి పేగుకు ఆపరేషన్ చేశారు. వారం తర్వాత ఇంటికి పంపించారు. మాత్రలు ఎక్కువ మింగితే కుట్లు త్వరగా మానవని ఆయన నమ్మకం. అందుకే నొప్పి భరించలేనప్పుడు మాత్రమే వేసుకుంటున్నారు. కుట్లు ఊడతాయన్న భయంతో దగ్గును బిగబడుతున్నారు, మంచం దిగడం లేదు. ఏం చేయాలి? – ఒక పాఠకురాలు

జవాబు: ఇలాంటి ఓర్పును ఇంట్లోవాళ్లు మెచ్చుకుంటారు కానీ, దానివల్ల మేలు కంటే కీడే ఎక్కువ. నొప్పికి జంకి పైపైనే ఊపిరి తీసుకుంటే ఊపిరితిత్తుల అడుగుభాగం సరిగా విచ్చుకోదు. అక్కడ కఫం నిలిచి న్యుమోనియాకు దారితీస్తుంది. కదలకుండా పడుకుంటే కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది, పేగుల కదలిక కూడా మందగిస్తుంది. ఆయన హాయిగా దగ్గడానికి, నడవడానికి వీలు కల్పించడమే నొప్పి మాత్రల అసలు ప్రయోజనం.

పారాసెటమాల్ వల్ల గాయం మానడం ఆలస్యం కాదు. డాక్టరు రాసిన మోతాదును, నొప్పి ముదిరేదాకా ఆగకుండా, వేళ ప్రకారం ఇవ్వండి. పెద్దవారికైనా అది రోజుకు 4 గ్రాములు మించకూడదు. కాలేయ వ్యాధి ఉన్నవారికి, బాగా బక్కచిక్కినవారికి ఇంకా తగ్గించాలి. జలుబు మాత్రల్లోనూ అదే మందు ఉండవచ్చు కనుక రెండూ కలిపి వాడకండి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు కిడ్నీ జబ్బు, కడుపులో పుండు ఉన్నవారికి హాని చేస్తాయి, అందువల్ల వాటిని సొంతంగా కొనవద్దు. ట్రమడాల్ అనే గట్టి నొప్పి మందు రాసి ఉంటే మలబద్ధకం రావచ్చు. ముక్కితే కుట్లపై ఒత్తిడి పడుతుంది కనుక విరేచనం సాఫీగా అయ్యే మందు గురించి ముందే అడగండి.

దగ్గు వచ్చినప్పుడు ఒక దిండును గాయం మీద రెండు చేతులతో గట్టిగా అదిమిపట్టి దగ్గమనండి. నొప్పి చాలావరకు తగ్గుతుంది. మంచం దిగేటప్పుడు వెల్లకిలా ఉన్నవారు తిన్నగా లేవకూడదు. మోకాళ్లు మడిచి, ఒక పక్కకు ఒత్తిగిలి, కాళ్లు కిందికి జార్చి, మోచేతి ఆనుతో లేవాలి. మొదట గదిలోనే నాలుగడుగులు వేయిస్తూ, రోజూ కొంచెం పెంచండి. చర్మం పైకి మానినట్టే కనిపిస్తుంది, లోపలి పొర గట్టిపడడానికి మాత్రం నెలలు పడుతుంది. కనీసం 6 వారాలు బరువులు ఎత్తకూడదు, ఎత్తితే ఆ చోట హెర్నియా (లోపలి భాగం బయటికి ఉబకడం) రావచ్చు. షుగర్ ఉంటే అదుపులో ఉంచాలి, పొగ తాగే అలవాటు ఉంటే మానాలి.

రోజురోజుకూ తగ్గాల్సిన నొప్పి పెరిగినా, గాయం చుట్టూ ఎరుపు పాకినా, చీము వచ్చినా, జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటినా, పొట్ట ఉబ్బి వాంతులైనా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఒక పిక్క వాచి నొప్పిపెడితే, ఆయాసం వస్తే గంటలు కూడా ఆగకూడదు. గాయం నుంచి ఒక్కసారిగా గులాబీ రంగు నీరు ఎక్కువగా కారినా, కుట్లు విడినా పడుకోబెట్టి, శుభ్రమైన తడిబట్ట కప్పి, వెంటనే అంబులెన్స్ పిలవండి; లోపలి భాగాలు బయటికి కనిపించినా వాటిని నెట్టే ప్రయత్నం చేయకండి, తినడానికీ తాగడానికీ ఏమీ ఇవ్వకండి.