వంపు సూది గొట్టం దాటాక నిటారుగానే ఉండిపోతోందన్న ప్రశ్నకు సమాధానం

తిరుపతిలో మీరు చేస్తున్న ఇంజనీరింగ్ ప్రాజెక్టులో, వంచిన స్టీలు సూదిని నిటారు గొట్టంలోంచి తోసినప్పుడు అది వంపు కోల్పోతోందని, అందువల్ల పక్కగా ఉన్న ఎముక మజ్జను పీల్చలేకపోతోందని రాశారు. దీనికి కారణం స్టీలే. సూది మందాన్ని వంపు వ్యాసంతో భాగిస్తే పైపొర ఎంత సాగుతుందో తెలుస్తుంది. 1 మిల్లీమీటరు మందానికి 10 మిల్లీమీటర్ల వంపు వ్యాసార్ధం, అంటే 20 మిల్లీమీటర్ల వ్యాసం అనుకుంటే అది 5 శాతం. స్టీలు 1 శాతం దాటకముందే శాశ్వతంగా రూపు మారిపోతుంది, నికెల్, టైటానియం కలిసిన నిటినాల్ మాత్రం సుమారు 8 శాతం వరకు సాగినా తిరిగి రాగలదు.

సూదిగా వాడే సన్నని నిటినాల్ గొట్టాన్ని కావలసిన వంపున్న ఉక్కు అచ్చులో కదలకుండా బిగించి, 500 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొన్ని నిమిషాలు వేడిచేసి, వెంటనే నీటిలో చల్లార్చండి. నిటినాల్ గొట్టం ఖరీదైనది గనుక, ముందుగా పళ్ల క్లిప్పులకు వాడే నిటినాల్ తీగతో సాధన చేయడం మేలు.

అసలు జాగ్రత్త ఉష్ణోగ్రత విషయంలో కావాలి. మే నెలలో మన ఊళ్లో 40 డిగ్రీల వేడిలో చక్కగా వంగిన సూది, ఏసీ వేసిన ఆపరేషన్ గదిలో మెత్తబడి వంపు తిరగకపోవచ్చు; కాబట్టి చల్లటి నీటిలోనూ, 37 డిగ్రీల నీటిలోనూ పరీక్షించండి.

సులువుగా వంగుతుందని సూదిని సన్నం చేసి లోపలి రంధ్రాన్ని తగ్గించకండి, ఎందుకంటే రంధ్రం వ్యాసార్ధం సగమైతే చిక్కని ద్రవం 16వ వంతే ప్రవహిస్తుంది. ప్రయోగాలన్నీ జెలటిన్ దిమ్మె మీదే చేయండి. బయటికి తీసేటప్పుడు సూదిని ముందు నిటారు గొట్టంలోకి పూర్తిగా లాగి, ఆ తర్వాతే గొట్టాన్ని తీయండి.